బ్యాటరీ మీద నడిచినన్నాళ్లూ

ఆఫీసు వాళ్లిచ్చిన లాప్‌టాప్‌కి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ కావాలని నేనెవర్నీ అడగలేదు. ఒక సోమవారం పొద్దున పిన్నికి స్నానం చేయించి, తల తుడిచి, పాలటీ చేతికిచ్చి వచ్చి మూత తెరిచేసరికి తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. పని జరుగుతోంది, ఆపకండి అని ఇంగ్లీషులో రాసి ఉంది. నా ఇంట్లో, నా బల్ల మీద, నన్నడక్కుండా జరిగే పనికి నన్నే ఆపొద్దనడం చూసి ఒళ్లు మండింది. కానీ ఆపే ఓపిక కూడా లేదు. ఆ చుక్కల్నే చూస్తూ నా టీ తాగాను.

అదంతా అయ్యాక అన్నీ చోటు మారి కనిపించాయి. ఎడమ పక్కనుండే బొమ్మలు మధ్యలోకి జరిగాయి. సరే, కళ్లకి అలవాటవుతుందిలే అనుకున్నాను. మధ్యాహ్నానికల్లా వైఫై తెగిపోవడం మొదలైంది. ఉన్నట్టుండి వైఫై గుర్తు మాయమయ్యేది, దాని చోట చిన్న గోళం బొమ్మ వచ్చేది. కాసేపటికి ఏమీ ఎరగనట్టు మళ్లీ కలిసేది. ఈలోగా నేను సగం నింపిన కంటైనర్ కాగితాలు గోవిందా. మళ్లీ మొదట్నుంచి.

మలేషియాలో క్లాంగ్ రేవు దగ్గర ఒక సరుకు రవాణా కంపెనీలో నా ఉద్యోగం. ఏ కంటైనర్‌లో ఏముంది, ఎక్కడికి పోతోంది అన్న కాగితాలు తయారు చేస్తాను. కరోనా రోజుల్లో అందర్నీ ఇళ్లకి పంపినప్పుడు నేనూ వచ్చాను, ఆ తరువాత ఇంట్లోంచే చేసుకుంటూ వచ్చాను. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు కూడా విసుగెత్తి మానేశారు. ఇంట్లో నేనూ, మా పిన్నీ, ఇద్దరమే.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. నాకు ఊహ తెలిసేసరికే అమ్మ పోతే, సుంగై పెటాని దగ్గర తోటలో రబ్బరు చెట్లకి గీత పెట్టి పాలు తీస్తూ నన్ను పెంచింది. తోట అమ్మేశాక నాతో క్లాంగ్ వచ్చేసింది. కొన్నేళ్లుగా ఆమెకి మతిమరుపు జబ్బు. డాక్టర్లు చెప్పేది మెదడు గురించి. నేను చూసింది మాత్రం మాటలు పోవడం. ముందు బజార్లో వాడుకునే మలయ్ పోయింది. చేపలమ్మేవాడితో గంటసేపు బేరమాడిన మనిషి, వాడి మొహం చూసి నవ్వి ఊరుకునేది. తరువాత తమిళం పోయింది. ఈ ఊళ్లో ఇరుగూ పొరుగూ, గుళ్లో, కొట్లో అందరితో మాట్లాడిన తమిళం మొత్తం ఏడాది తిరిగేసరికి లేదు. మిగిలింది తోటలో కూలీల ఇళ్ల వరసల్లో చిన్నప్పుడు విన్న తెలుగొక్కటే. ఆ తెలుగు తెలిసిన మనిషిని, ఆమె తిరిగే దారిలో, నేనొక్కదాన్నే.

అందుకని నాకు ఇంట్లోంచి పని చెయ్యడమంటే సుఖం కాదు. నేను ఇంట్లో ఉంటే పిన్నికి మాట ఉంటుంది, లేకపోతే లేదు. నా బాధంతా అదొక్కటే.

సరిగ్గా ఆ రోజుల్లోనే కంపెనీలో అందరూ ఆఫీసుకి తిరిగి రావాలన్న మాట మొదలైంది. కొంతమందిని ఇంట్లోనే ఉండనిస్తారని, అది మేనేజర్ల చేతిలో ఉందని చెప్పుకున్నారు. పిలిస్తే పలుకుతున్నారా, పని సాగుతోందా అని చూస్తున్నారట. సరిగ్గా అప్పుడే నా లాప్‌టాప్ పలకడం మానేసింది.

నేను పిన్ని గదిలోనే మంచం పక్కన చిన్న బల్ల వేసుకుని పని చేస్తాను. నేను కనిపించకపోతే లేచి వెతుక్కుంటుంది. ఒకసారి అలా వెతుక్కుంటూ గేటు దాటి, మెయిన్ రోడ్డు దాకా పోయింది. పొద్దున మీటింగులు కూడా అక్కడే. అవతలి నుంచి పదిమంది గొంతులు వినిపిస్తే ఇంటికి చుట్టాలొచ్చారనుకుంటుంది.

"ఎవులొచ్చినారే? అంతమందికి టీపొడి ఉన్నాదా నేదా?"

"ఎవులూ రానేదు పిన్నీ. ఆఫీసు వోళ్లు."

"ఆఫీసు వోళ్లయితే మాత్రం టీ తాగరేటి?"

నేను మైకు మూసి ఆమెకి జవాబు చెప్పి మళ్లీ తెరిచేసరికి గోళం బొమ్మ. మళ్లీ కలిసేసరికి అవతల ఎవరో "అక్క మళ్లీ మాయం లా" అని, ఈ దేశంలో అందరూ మాట చివర తగిలించే ‘లా’తో సహా, నవ్వుతున్నారు. నేనూ నవ్వాను, లోపల మాత్రం గుబులే.

ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే విభాగానికి రాశాను. ఆపి మళ్లీ వెయ్యమన్నారు. ఆపి వేశాను. ఇంటికి ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకి ఫోన్ చేశాను. చాలాసేపు పాట వినిపించి, చివరికి ఒకతను వచ్చి, మోడెం తీసేసి కాసేపాగి పెట్టమన్నాడు. తీసి పెట్టాను. నా ఫోన్ బాగానే పనిచేస్తోంది, టీవీ బాగానే వస్తోంది, ఒక్క లాప్‌టాప్‌కే ఈ రోగం అంటే, అయితే తప్పు మాది కాదని ఎంతో మర్యాదగా చెప్పి పెట్టేశాడు. వీళ్లు వాళ్లమీద, వాళ్లు వీళ్లమీద తోసుకుంటుంటే నేను మధ్యలో బంతినయ్యాను.

ఇంక నేనే ఫోన్‌లో ఇంటర్నెట్ వెతకడానికి దిగాను. నాలాగే ఏడుస్తున్నవాళ్లు ప్రపంచమంతా ఉన్నారని చూశాక కొంచెం ఊరట కలిగిన మాట నిజం. ఒకరు నెట్‌వర్క్‌ని మరిచిపోమని చెప్పి మళ్లీ కలపమన్నారు. ‘మరిచిపో’ అనే మీట నిజంగానే ఉంది. నొక్కితే లాప్‌టాప్ మా ఇంటి వైఫైని పూర్తిగా మరిచిపోయింది. పాస్‌వర్డ్ కొట్టి మళ్లీ పరిచయం చేశాను. ఆ పూటకి బాగానే ఉండి సాయంత్రానికి మళ్లీ మొదటికొచ్చింది. ఇంకొకరు డ్రైవర్ మార్చమన్నారు. డ్రైవర్ అంటే ఆ వైర్‌లెస్ పరికరాన్ని నడిపించే ప్రోగ్రాం. అప్‌గ్రేడ్‌తో పాటు కొత్త డ్రైవర్ వచ్చిందట, పాతది పెడితే కుదురుతుందట. పాతది దించుకోబోతే సగంలో తెగింది. మళ్లీ దించబోతే మళ్లీ సగంలో. తెగిపోతున్నదాన్ని బాగుచేసే మందు తెగిపోతున్నదాని గుండానే రావాలి. చివరికి ఫోన్‌లోంచి ఇంటర్నెట్ ఇచ్చుకుని దించాను. ఆ చిరాకులో పైకే గొణుక్కున్నాను.

"డ్రైవర్ మార్సినా బాగవ్వనేదు, ఏటి సెయ్యను?"

మంచం మీంచి పిన్ని అందుకుంది.

"ఎవుడా డ్రైవరు? మన తోట లారీ తోలినోడా? ఆడు తాగుబోతు. ఆడిని మార్సీసినారా, మంచి పని సేసినారు."

ఎన్నాళ్లకో కడుపారా నవ్వాను. ఆ లారీ డ్రైవరు పోయి ముప్ఫయ్యేళ్లు దాటి ఉంటుంది. పిన్ని కూడా నాతో పాటు నవ్వింది, ఎందుకో తెలీకుండానే.

ఇంతలో ఒక సంగతి గమనించాను. హాల్లో కూర్చుని చేస్తే తెగడం లేదు. పిన్ని గదిలో కూర్చుంటేనే తెగుతోంది. దొంగ దొరికాడనుకున్నాను. పిన్ని గది గోడే కారణం. పాత ఇల్లు, గోడలు మందం, మోడెం హాల్లో ఆ చివర ఉంది. వెంటనే పొడుగు వైరు కొనుక్కొచ్చి, మోడెంని పిన్ని గది గుమ్మం దాకా లాక్కొచ్చాను. పిన్ని ఆ నల్లటి వైరుని చూసి పామనుకుని మంచం మీదికి కాళ్లు ముడుచుకుంది. వైరు మీద చాప కప్పాను. మోడెం రెండు బారల దూరంలో ఉన్నా గోళం బొమ్మ వస్తూనే ఉంది. అయినా గోడ మీద అనుమానం వదల్లేదు. పాపం ఆ గోడని ఎన్ని తిట్లు తిట్టానో.

హాల్లో కూర్చుంటే పని సాగుతుంది, పిన్ని సాగనివ్వదు. పిన్ని దగ్గర కూర్చుంటే లాప్‌టాప్ సాగనివ్వదు. ఆ వారాల్లో పొద్దున లేస్తూనే అలిసిపోయి ఉండేదాన్ని.

ఎందుకైనా మంచిదని ఇంకో ఏర్పాటు కూడా చూసి పెట్టుకున్నాను. మా ఇంటికి నాలుగు వీధుల అవతల, ముసలివాళ్లని పగలంతా చూసుకునే చోటొకటి ఉంది. పొద్దున దింపి సాయంత్రం తీసుకెళ్లొచ్చు. చూడ్డానికి పిన్నిని తీసుకెళ్తే, అక్కడ కిటికీ పక్క కుర్చీలో ఒక ముసలావిడ కూర్చుని ఉంది. మెడలో నల్లపూసలు చూసి పిన్ని తిన్నగా ఆవిడ దగ్గరకే పోయింది.

"ఏ ఊరమ్మా మీది?"

"మాకు ఊరేటి, తోటే," అంది ఆవిడ. "నువ్వెవుల పిల్లవి?"

డెబ్భై దాటిన మనిషిని పిల్ల అనేసరికి పిన్ని సిగ్గుపడి పక్కనే కూర్చుంది. నేను ఆ చోటు నడిపే ఆమెతో మాట్లాడి వచ్చేదాకా ఇద్దరూ చెయ్యి చెయ్యి పట్టుకుని ఏదో చెప్పుకుంటూనే ఉన్నారు. అక్కడ ఒక్క చోటు మాత్రమే ఖాళీ అవుతుందట. ఒకవేళ నేను ఆఫీసుకి వెళ్లాల్సి వస్తే పిన్నికి కావాలి, మాకోసం ఉంచండని అడిగాను. వేరే వాళ్లు కూడా అడుగుతున్నారు, త్వరగా చెప్పమన్నారు.

మా మేనేజరు గురించి చెప్పాలి. నాకంటే బాగా చిన్నవాడు, మంచివాడు. వాళ్ల నాయనమ్మ తెలుగామె. ఆవిడతోనే వాళ్లింట్లో తెలుగు పోయింది, అంతా తమిళమే. నాకు తెలుగు వచ్చని తెలిసిన రోజు నుంచి పంతం పట్టి నాతో తెలుగులోనే మాట్లాడతాడు. నలుగురిలో అతన్ని బాస్ అంటాను, ఇద్దరమే ఉంటే తమ్ముడూ అంటాను. అతనెప్పుడూ అక్కా అనే. ఆకలి అనే మాట తట్టక తమిళం కలిపి "పసి వేస్తోంది అక్కా" అంటాడు. నేను దిద్దితే మురిసిపోయి రెండు రోజులు అదే మాట వాడతాడు. అంత ప్రేమగా తెలుగు మాట్లాడే మనిషి మీద ఎవరికైనా జాలి, ముద్దు రెండూ కలుగుతాయి.

ఒకరోజు మధ్యాహ్నం లాప్‌టాప్‌లోనే పిలిచాడు. పిన్ని పక్కన మంచం మీద పడుకుని ఉంది.

"అక్కా, ఆఫీసుకి తిరిగి వచ్చే విషయం మాట్లాడాలి," అనగానే తెగింది. కలిసింది. అతని మొహం తెర మీద నోరు తెరుచుకుని బిగుసుకుపోయి ఉంది. ఎప్పుడు పోతుందో తెలీదని నేను గబగబా అందుకున్నాను.

"ఇంట్లోంచి పని సెయ్యడం నాకు సాలా అవసరం, తమ్ముడూ. మా పిన్నిని ఒగ్గీసి రాలేను. ఆమెకి నా మాట తప్ప ఇంకేటీ అర్థం కాదు..."

ఎక్కడ తెగిందో నాకు తెలీదు. చెప్పడం ఆపి చూసేసరికి గోళం. నా మాటల్లో ఎన్ని అవతలికి చేరాయో, ఎన్ని ఈ గదిలోనే రాలిపోయాయో అనుకుంటూ కూర్చున్నాను. మళ్లీ కలిసినప్పుడు మాత్రం అతని గొంతు పక్కనే కూర్చుని మాట్లాడినంత స్పష్టంగా వచ్చింది.

"విన్నాను అక్కా. అవసరం లేదు. ఆఫీసుకి వచ్చేదానికి అవసరం లేదు లా. మీరు టెన్షన్ పడకండి. మెల్లిగా మీ పని చూసుకోండి."

"నిజంగానా తమ్ముడూ?"

"నిజంగానే. ఏమీ అవసరం లేదు."

ఆ కాస్తసేపూ లాప్‌టాప్ బుద్ధిగా ఉంది. అతను వెళ్లిపోయాక నేను పిన్ని మంచం పట్టె మీద తలపెట్టి ఏడ్చాను. ఆ ఏడుపులో సంతోషమెంతో, అన్నాళ్ల నీరసమెంతో చెప్పలేను. పిన్నికి మెలకువొచ్చి నా తల నిమిరింది. "ఎవులేటన్నార్నిన్ను?" అని అడిగింది. ఎవరూ ఏమీ అనలేదని చెప్పాను.

మర్నాడు పొద్దున్నే ఆ ముసలివాళ్ల చోటుకి ఫోన్ చేసి, మాకింక అక్కర్లేదు, వేరేవాళ్లకి ఇచ్చెయ్యండి అన్నాను. ఇంకెవరి తల్లో ఆ కుర్చీ కోసం ఎదురుచూస్తోందని తెలిసి, పట్టుకుని కూర్చోవడం న్యాయం కాదనిపించింది. వాళ్లు థాంక్స్ చెప్పారు, ఆ సాయంత్రమే ఆ చోటు ఎవరికో వెళ్లిపోయింది.

మనసు తేలికపడ్డాక లాప్‌టాప్ మీద కోపం కూడా తగ్గింది. కోపం తగ్గినందుకేనేమో కిటుకు తెలిసింది. ఆ రోజు వాన కుండపోతగా కురుస్తోంది. పిన్ని చలిగా ఉందంటే ఫ్యాన్ తీసేశాను. ఆమె గదిలో ఉన్నది ఒకటే ప్లగ్గు, అది ఎప్పుడూ ఫ్యాన్‌కే. ఖాళీ అయింది కదా అని లాప్‌టాప్ చార్జర్ అందులో పెట్టాను. సాయంత్రం దాకా ఒక్కసారి కూడా తెగలేదు. నాకే నమ్మబుద్ధి కాలేదు. అదే గది, అదే గోడ. చార్జర్ పీకేశాను. కాసేపటికి గోళం బొమ్మ ప్రత్యక్షం.

గోడ కాదు, బ్యాటరీ. హాల్లో ఎప్పుడూ చార్జర్ పెట్టుకునే పని చేస్తాను, పిన్ని గదిలో ఎప్పుడూ బ్యాటరీ మీదే. ఇన్నాళ్లూ ఆ తేడా నా కళ్లకి ఆనలేదు. సెట్టింగుల్లో లోపలికి, ఇంకా లోపలికి పోయి వెతికితే కనిపించింది. బ్యాటరీ మీద ఉన్నప్పుడు వైర్‌లెస్‌కి కరెంటు బాగా తగ్గించెయ్యాలని ఒకచోట పెట్టి ఉంది. శక్తి ఆదా కోసం ఈ పరికరాన్ని కంప్యూటర్ తనంతట తానే ఆపుకోవచ్చని ఇంకోచోట ఒక చిన్న టిక్కు. ఆ అనుమతి నేనివ్వలేదు, అప్‌గ్రేడ్ తనకు తానే ఇచ్చుకుంది. మనిషిని మాత్రం ఓపిక అయిపోయింది, కాసేపు ఆగుతానంటే ఏ ఆఫీసూ ఒప్పుకోదు. టిక్కు తీసేశాను. మొదటిదాన్ని పూర్తి బలానికి మార్చాను. ఇంక తెగలేదు.

ఇంత చిన్నదానికి అంత యాతనా అని నీరసమొచ్చిందే గాని గెలిచినట్టేమీ అనిపించలేదు. గోడ దగ్గరకి పోయి చేత్తో ఒకసారి తట్టాను. మోడెం మళ్లీ హాల్లోకి చేర్చి, చాప తీసేశాను.

ఆ తరువాతి మీటింగు మొదట్నుంచి చివరిదాకా ఒక్క అక్షరం పోకుండా విన్నాను. పిన్ని పక్కన అరటిపండు తింటోంది. హెచ్.ఆర్. నుంచి వచ్చినామె, వచ్చే నెల నుంచి ఆఫీసుకి రావలసినవాళ్ల పేర్లు చదువుతోంది. తీరిగ్గా, పేరుకీ పేరుకీ మధ్య ఆగి చదువుతోంది. అందులో నా పేరు వచ్చింది. ముందు ఇంకెవరైనా అనుకున్నాను. ఇంటి పేరుతో సహా చదివింది. ఇన్నాళ్లూ నేను ప్రాణం పెట్టి బాగుచేసుకున్న లైను, ఆ పేరుని నా చెవిలో అంత శుభ్రంగా వేసింది.

మీటింగు అవ్వగానే మేనేజరుని పిలిచాను.

"తమ్ముడూ, ఏటిది? నా పేరు సదివింది ఆమె."

"అవును అక్కా. మీరు కూడా లిస్టులో ఉన్నారు."

"అవసరం నేదని నువ్వే సెప్పినావు గదా?"

"చెప్పినాను. ఇప్పుడూ అవసరం లేదక్కా. ఇంకా నెలాఖరు దాకా టైం ఉంది గదా లా."

"టైమేటి? అవసరం నేదంటే రానక్కర్లేదని గదా?"

లైను తెగిందేమో అని గుర్తు వైపు చూశాను. నిండుగా ఉంది. అతను కళ్లు చిట్లించి ఆలోచిస్తున్నాడు.

"అక్కా, తెలుగులో అవసరం అంటే ఏమి?"

ఆ ప్రశ్న వినగానే నాకు మొత్తం తెలిసిపోయింది. తమిళంలో అవసరం అంటే తొందర. కావలసి ఉండడం కాదు. ఈ ముక్క నాకు పుట్టినప్పట్నుంచీ తెలుసు. రోజుకి పదిసార్లు బస్టాపులో, కొట్లో, గుళ్లో వింటాను. అతనా రోజు తమిళంలో "అవసరం ఇల్ల" అని ఉంటే, తొందర లేదంటున్నాడని క్షణంలో తెలిసేది. నా మీద ప్రేమ కొద్దీ తెలుగులో చెప్పాడు, నేను తెలుగులో విన్నాను. రావడానికి తొందర లేదని అతనంటే, రావక్కర్లేదని నాకు వినిపించింది. ఏమీ తొందర లేదంటే, ఏమీ అక్కర్లేదని వినిపించింది.

"మరి నేను అడిగింది? నాకు సాలా అవసరమని సెప్పినాను, అదేటని ఇన్నావు?"

"మీకు చాలా తొందరగా ఉంది, డేట్ వెంటనే తెలియాలి అంటున్నారు అనుకున్నాను. దాని తరువాత కట్ అయిపోయింది." అతని గొంతు చిన్నదైపోయింది. "పిన్ని మాట నాకు రాలేదు అక్కా. వచ్చి ఉంటే నేను అడిగి ఉంటాను. నిజంగా అడిగి ఉంటాను."

నమ్మాను. అబద్ధమాడే మనిషి కాదు. నాకు రావలసినంత కోపం రాలేదు. వస్తే తేలికగా ఉండేది. ఎవరి మీద కోప్పడాలి? ఒక మాట రెండు భాషల్లో రెండు అర్థాలు పెట్టుకుని కూర్చుంటే అతనేం చేస్తాడు, నేనేం చేస్తాను? నా బతిమాలడంలో సగం బ్యాటరీ మింగింది, మిగతా సగం తమిళమైపోయింది.

అతను ఆ రోజే పైవాళ్ల దగ్గరికి వెళ్లాడు. రెండుసార్లు వెళ్లాడు. పేర్లు పైకి వెళ్లిపోయాయి, ఇప్పుడొకరికి మారిస్తే అందరూ అడుగుతారు, కొన్నాళ్లాగి మళ్లీ చూద్దామన్నారట. ఆ జవాబు నాకు చెప్పేటప్పుడు అతను తెలుగు వదిలేసి తమిళంలో చెప్పాడు. నేనూ తమిళంలోనే సరేనన్నాను. అప్పట్నుంచి ముఖ్యమైన మాటైతే అతను తమిళమే మాట్లాడుతున్నాడు. నాకది కూడా బాధగానే ఉంది.

నాలుగు వీధుల అవతలి చోటుకి పరిగెత్తాను. కిటికీ పక్క కుర్చీలో నల్లపూసల ముసలావిడ ఉంది. ఆమె పక్కన ఇంకెవరి తల్లో కూర్చుని ఉంది, ఇద్దరూ మాటల్లేకుండా బయటికి చూస్తున్నారు. చోటు నడిపే ఆమె నొచ్చుకుంది. నేనే కదా వద్దన్నది, ఆమెనేమనగలను? ముసలావిడ నన్ను గుర్తుపట్టి "ఆ పిల్లేదీ?" అని అడిగింది. ఒంట్లో బాగోలేదని చెప్పి వచ్చేశాను.

నదికి అవతలి వైపు ఇంకో చోటు దొరికింది. శుభ్రంగా ఉంది, మనుషులు మంచివాళ్లే. పెద్దవాళ్లలో ఎక్కువమంది చైనావాళ్లు, చూసుకునేవాళ్లు ఇండోనేషియా నుంచి వచ్చిన ఆడవాళ్లు. మాటంతా మలయ్‌లోనే. తెలుగు మాట దేవుడెరుగు, అక్కడ తమిళం తెలిసినవాళ్లు కూడా లేరు. ఉద్యోగం మానేద్దామా అని ఆలోచించాను. మానేస్తే ఇద్దరం ఏం తింటామన్న దగ్గర ఆ ఆలోచన ఆగిపోయింది.

మొదటి రోజు పిన్నికి ఇష్టమైన పసుపు రంగు చీర కట్టి తీసుకెళ్లాను. గుమ్మం దగ్గర నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇదెవులిల్లే? పెళ్లేటి ఇక్కడ?"

"పెళ్లి కాదు పిన్నీ. సాయంత్రం దాకా ఇక్కడ కూకో. నాను పనికెళ్లి వొచ్చెస్తాను."

"నానూ వొస్తాను, పద. కత్తీ అదీ ఎట్టినావా?"

తోటలో పనికి వెళ్లడమనుకుంది. చెట్టుకి గీత పెట్టే కత్తి అడుగుతోంది. నేను ఆమె కొంగు సర్దాను. నా వయసే ఉండే ఒక ఆయా వచ్చి, నవ్వుతూ, ఆమె వేళ్లని నా చేతి మీంచి ఒక్కొక్కటే విడదీసింది. నేను వెనక్కి చూడకుండా కారెక్కాను.

ఆఫీసులో నా బల్ల దగ్గర ఇంటర్నెట్ వైరుతో వస్తుంది. రోజంతా ఒక్కసారి తెగలేదు. పని బ్రహ్మాండంగా సాగింది. మేనేజరు రెండుసార్లు నా పక్కగా వెళ్లాడు, రెండుసార్లూ నా కప్పులో టీ ఉందా లేదా అని చూసి వెళ్లాడు. నేను ఫోన్ బల్ల మీదే పెట్టుకుని కూర్చున్నాను. పిన్ని ఉన్న చోటి నుంచి ఫోనేమీ రాలేదు. రాకపోవడం మంచిదో చెడ్డదో తేల్చుకోలేక చచ్చాను.

సాయంత్రం ట్రాఫిక్‌లో వంతెన మీద ఇరుక్కుని, చేరేసరికి వెళ్లవలసినవాళ్లు చాలామంది వెళ్లిపోయారు. పిన్ని ఒక మూల కుర్చీలో, ఒళ్లో సంచీ పెట్టుకుని, రెండు చేతులతో దాన్ని పట్టుకుని కూర్చుని ఉంది. పొద్దుటి ఆయా నన్ను చూసి ఎదురొచ్చింది. మలయ్‌లో అడిగింది.

"మీ పేరు ఏటి కదా?"

నాకర్థం కాలేదు. ఏమన్నారు అన్నాను.

"ఏటి. మీ పేరే కదా? పొద్దుట్నుంచీ మీ కోసమే అడుగుతోంది. అన్నం పెడితే ఏటి, మందిస్తే ఏటి, తలుపు చప్పుడైతే ఏటి. ఇండోనేషియాలో మా ఊళ్లో కూడా ఈ పేరున్నవాళ్లు చాలామంది, నాకు వెంటనే తెలిసిపోయింది. ఏటి పనికెళ్లింది, సాయంత్రం ఏటి వచ్చేస్తుంది అని చెప్తూనే ఉన్నాను. ఆ పేరు వినిపిస్తే చాలు, పాపం, నా మొహమే చూస్తూ ఊరుకునేది."

నోరు తెరిచాను. అది పేరు కాదమ్మా, అని చెప్పాలి. ఆమె అడుగుతున్నది ప్రశ్న. ఇదేమిటి, మీరేమంటున్నారు, ఏమిటి ఇదంతా అని ఆమె రోజంతా, కనిపించిన మనిషినల్లా అడిగింది. అడిగినప్పుడల్లా ఈ మంచి మనిషి, సాయంత్రం వస్తుంది అని జవాబు చెప్పింది. ఇవాళ ఈ ఇంట్లో పిన్నికి తెలిసిన మాట ఇంకొకరి నోట వినిపించింది అదొక్కటే. చెప్పేస్తే రేపట్నుంచి అది కూడా ఉండదు.

"అవును," అన్నాను. "ఏటి నేనే."

ఆయా మొహం విప్పారింది. నా చెయ్యి పట్టుకుని పిన్ని కుర్చీ దగ్గరకి తీసుకెళ్లి, వంగి, ఆమె చెవి దగ్గర గట్టిగా, సంతోషంగా చెప్పింది. చూడు, ఏటి వచ్చేసింది.

పిన్ని తలెత్తింది. ఆయా మొహం చూసింది, తరువాత నా మొహం చూసింది.

"ఏటి?" అంది.

"వొచ్చినాను పిన్నీ," అన్నాను.